రెండో ప్రశ్నకు జవాబు

కోరుట్ల,
నవంబరు 15, శనివారం.

చిరంజీవి సౌమ్యకు అమ్మ దీవెనలు.

నాన్న క్షేమం. ఇల్లు క్షేమం. నా గురించి కూడా ఆ మాటే రాయబోయి కలం ఆపాను. ఎందుకో ఉత్తరం పూర్తయ్యేసరికి నీకే తెలుస్తుంది.

నీ ఉత్తరం పదో తారీకున చేరింది. పోస్ట్‌మన్ పరశురాములు గేటు దగ్గర నిలబడి కవరు తిప్పి తిప్పి చూసి, "ఏంది వదినె, ఫోన్ల కాలంల బిడ్డ ఉత్తరాలు రాస్తుంది. సిమ్ము బందైందా?" అన్నాడు. "చేతిరాత మరిచిపోతదని నేనే రాయమన్న" అని చెప్పాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో చూడు. ఈ సంగతి గుర్తుపెట్టుకో, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

స్పీకర్ పెట్టి మాట్లాడడం మా ఇద్దరి అలవాటనీ, నాన్న పక్కనే ఉంటాడనీ నువ్వు కాగితం మీద అడిగావు. మంచి పని చేశావు. ఫోన్లో అయితే నీ గొంతు వినగానే నేను మాట తప్పించేదాన్ని. కాగితం మీద తప్పిస్తే కొట్టివేత కనిపిస్తుంది.

నువ్వు మూడు ప్రశ్నలు అడిగావు. నంబర్లు కూడా వేశావు, నా కడుపున పుట్టిన బిడ్డవే. ఒకటికి, మూడుకు ముందు జవాబు రాస్తాను. రెండోదాన్ని మరిచాననుకోకు.

ఒకటి, నాన్న షుగరు. పోయిన బుధవారం జగిత్యాల తీసుకుపోయి పరీక్ష చేయించాను. పరగడుపున 168, తిన్నాక 240. జూలైలో ఇవే 192, 281 ఉన్నాయి. తగ్గినట్టే. కళ్లు కూడా చూపించాను, ఎడమ కంట్లో పొర మొదలైందట, ఇప్పుడే తొందర లేదన్నారు. డిపోలో చాయ్ మాత్రం మానడు. గట్టిగా అడిగితే, "బస్సుకు డీజిలు, మెకానిక్కుకు చాయ్. రెండిట్ల ఏది ఆపినా బండి నడిమిట్ల నిలవడ్తది" అంటాడు. నేను ఇంటి చాయ్‌లో చక్కెర మానేశాను. ఆయన ఇంకా కనిపెట్టలేదు.

మూడు, నీ పదో తరగతి సర్టిఫికెట్టు. బీరువాలో పచ్చ ఫైలులో ఉంది. రెండు జిరాక్సులు దీంతో పంపుతున్నాను. అసలుది నా దగ్గరే ఉంచుతాను. అదే ఫైలు అడుగున నువ్వు తొమ్మిదో తరగతిలో సైన్సు ప్రదర్శనకు చేసిన అట్ట దొరికింది. ఎర్ర పూసలు ఎర్ర కణాలు, సగ్గుబియ్యం తెల్ల కణాలు, నువ్వులు ప్లేట్‌లెట్లు. పూసలు, సగ్గుబియ్యం అట్లాగే ఉన్నాయి. నువ్వులే చాలావరకు రాలిపోయాయి. నిరుడు సెప్టెంబరులో నీకు డెంగీ వచ్చినప్పుడు, బెంగళూరు ఆసుపత్రిలో డాక్టరు ప్లేట్‌లెట్లు పద్దెనిమిది వేలకు పడిపోయాయని చెప్పినప్పుడు, నా కళ్ల ముందు ఈ అట్టే కదిలింది.

ఆ పన్నెండు రోజుల గురించి మనం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. రెండో ప్రశ్నకు జవాబు అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

నీ సంగతి నువ్వు నాకు చెప్పింది దానికి ముందటి ఉగాదికి. నీ మనసు ఆడపిల్లల మీదికే పోతుందని, పెళ్లి మాట ఇక తేవద్దని చెప్పావు. ఆ తరువాత ఆరు నెలలు నేను నీతో "ఏం కూర వండుకున్నవ్" అన్న మాట తప్ప మాట్లాడలేదు. నువ్వు కూడా కూర పేరే చెప్పి ఫోన్ పెట్టేసేదానివి. ఆ ఆరు నెలల కోపంతోనే బెంగళూరులో దిగాను. నీ మంచం పక్కనున్న అలమారకు ఒక కాగితం అంటించి ఉంది. రెండేసి గంటలకు ఒకరు చొప్పున పదకొండు పేర్లు, ఎవరు నీళ్లు తాగించాలి, ఎవరు రిపోర్టులు తేవాలి, ఎవరు నాకు తిండి తేవాలి. గీతలు కూడా స్కేలు పెట్టి కొట్టారు. ఇల్లు నడిపిన ఇరవై తొమ్మిదేళ్లలో నాకు ఇంకొకరు రాసిన పట్టీ నచ్చడం అదే మొదలు. వాళ్లంతా నీ గ్రూపు పిల్లలని, అందరూ నీలాంటి వాళ్లేనని, మందుల మీద, జబ్బుల మీద పరిశోధన చేసేవాళ్లని మూడో రోజుకు గానీ నాకు అర్థం కాలేదు. అప్పటికే వాళ్ల చేతి తిండి మూడు రోజులు తిన్నాను.

ఆ పట్టీలో నాకు తిండి తెచ్చే వంతు రాకేశ్‌ది. నా మాట వినగానే గుర్తుపట్టాడు.

"చిన్నమ్మా, మీది కోరుట్లనా? మాది సిరిసిల్ల. ఈడ సాంబారుల బెల్లమేస్తరు, మీరు దినలేరు. రేపు నేను పచ్చిపులుసు చేసుకొస్త."

తెచ్చాడు. ఉల్లిగడ్డ ముక్కలు బొటనవేలంత ఉన్నాయి. "గివి ఉల్లిగడ్డలా, ఇటుక పెళ్లలా బిడ్డా?" అన్నాను.

"పొద్దంత ల్యాబుల సన్నగ కోసుడే చిన్నమ్మా. ఇంటికాడన్న పెద్దగ కోసుకోనియ్యిరి" అన్నాడు.

ఆరు నెలల తరువాత నేను నవ్వింది అప్పుడే.

ఇప్పుడు రాయబోయేది నువ్వు ఇంతవరకు ఎరుగని సంగతి. ఇది నీకు ఒక్కదానికే. ఎవరికీ చదివి వినిపించకు.

నీకు ఎక్కించిన ప్లేట్‌లెట్లు రాకేశ్‌వి. గంటన్నర సేపు సూదితో పడుకుని ఇచ్చాడు. బ్లడ్ బ్యాంకు దాత అని నీకు చెప్పమన్నాడు, నేను అట్లాగే చెప్పాను. మర్నాడు మెట్ల మీద కూర్చుని నాకు అసలు సంగతి చెప్పాడు.

"ఆ ఫారంల ఒక ప్రశ్న ఉంటది చిన్నమ్మా. మగోళ్లతోని ఉంటవా అని. ఉంటనంటే రక్తం దీసుకోరు. నేను లేదని రాసిన. పరీక్షలు మూణ్నెల్లకోసారి జేయించుకుంట, మొన్ననే అయినయి, ఏం లేదు. ఆళ్లు గూడ పరీక్ష జేసే ఎక్కిస్తరు. కని అబద్ధం అబద్ధమే గదా. గా ప్రశ్న దీసెయ్యాలెనని సౌమ్యక్క అందరితోని సంతకాలు వెట్టిస్తుంది. ఆమె గ్రూపోడే గిట్ల జేసిండని తెలిస్తే ఆమెకు మాట అస్తది. చెప్పకుండ్రి."

"నీ సంగతి మీ ఇంట్ల తెలుసా?" అని అడిగాను.

"తెల్వది. తెలిస్తే మా బాపు బతకనియ్యడు. నన్ను గాదు, అమ్మను."

నేను అతని చెయ్యి పట్టుకుని, "నా కడుపుల వడ్డ మాట బయటికి రాదు బిడ్డా" అన్నాను. ఫారం సంగతే అతను దాచమన్నాడు, ఇంటి సంగతికి ఈ మాట అడగకుండానే ఇచ్చాను. అడగకుండా ఇచ్చిన మాట కాబట్టి ఇంకా గట్టిగా నిలవాల్సింది.

నువ్వు కొంచెం నడవగలిగాక నన్ను మీ గ్రూపు గదికి తీసుకుపోయావు గుర్తుందా? స్టోరు రూము పక్కన చిన్న గది, రెండు బెంచీలు, గోడకు మీ పరిశోధనల పటాలు. తలుపు మీద నాలుగు భాషల్లో ఒకటే మాట రాసిన కాగితం. తెలుగు రాత రాకేశ్‌ది. "ఎవరి సంగతి వాళ్లే చెప్పుకోవాలి. ఇంకొకరి నోట రాకూడదు." ఐదుగురితో మొదలుపెట్టావు, అప్పటికి నలభై మంది అయ్యారు. మెడికల్ కాలేజీల పిల్లలు కూడా నీకు ఫోన్ చేసేవాళ్లు. నీరసంతో గోడ పట్టుకుని నిలబడి కూడా హాస్టలు గది దొరకని ఒక కొత్త పిల్లతో ఇరవై నిమిషాలు మాట్లాడావు. నేను బెంచీ మీద కూర్చుని గడియారం చూసుకుంటూ, ఇది నా బిడ్డేనా అనుకున్నాను. ఈసారి కోపంతో కాదు.

ఇక్కడ ఆపి నాన్నకు అన్నం పెట్టి వచ్చాను. "ఏం రాస్తున్నవే గంతసేపు?" అన్నాడు. "దానికి పచ్చళ్ల కొలతలు రాస్తున్న" అన్నాను. ఈ వారంలో ఇది రెండో అబద్ధం. తిని మళ్లీ డిపోకు పోయాడు. ఇంట్లో ఎవరూ లేరు. ఇప్పుడు రాస్తాను.

నీ రెండో ప్రశ్న నీ మాటల్లోనే: "అమ్మా, ఆగస్టులో వాళ్లు రాకేశ్‌ను తీసుకుపోకముందు, అతని గురించి ఎవరైనా నిన్ను ఏమైనా అడిగారా? నువ్వు ఏమైనా అన్నావా?"

అడిగారు. అన్నాను.

ఆగస్టు పదకొండు, సోమవారం. శ్రావణం. మేడిపల్లి సమ్మయ్య వచ్చాడు. మా అమ్మగారి ఊరివాడు, మేస్త్రీ పని చేస్తాడు, నన్ను చెల్లె అని పిలుస్తాడు. నువ్వు చిన్నప్పుడు చూసి ఉంటావు. పిల్లనిచ్చే ముందు పిలగాని గురించి తెలిసిన వాళ్ల ఇండ్లకు పోయి విచారణ చేసుకోవడం మనలో ఉన్నదే. నన్ను నాన్నకు ఇచ్చేటప్పుడు మా బాపు నాలుగు ఊర్లు తిరిగాడు. విచారణకు వచ్చిన వాళ్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పకపోతే, రేపు ఆ పిల్ల ఉసురు చెప్పినవాళ్లకే తగులుతుందని అంటారు.

"చెల్లె, మీ సౌమ్య చదివే కాడనే సిరిసిల్ల మొగిలయ్య కొడుకు గూడ చదువుతుండట. మా కళ్యాణికి అడుగుతుండ్రు. పిలగాడు ఎట్లుంటడు? తాగుడు గిట్ల ఉన్నదా? ఎవలనన్న చూసుకున్నడా?"

"తాగడు. మంచి పిలగాడు" అన్నాను. అక్కడికి ఆగి ఉంటే సరిపోయేది. పిల్లకు వయసు చిన్నది, ఇంకో రెండేళ్లు ఆగుండ్రి అని ఉన్నా సరిపోయేది. చాయ్ పెట్టడానికి లోపలికి పోయాను. తెచ్చి ఇచ్చాను. ఒక గుక్క తాగి, నవ్వుతూ అడిగాడు.

"గంత మంచోడైతే నీ బిడ్డకే చేసుకోకపోతివా? ఇద్దరు ఒక్క కాడనే ఉండబట్టె, ఒక్క కులమే అయ్యె. అవునూ, సౌమ్యకు ఇరవై తొమ్మిది నిండుతయి గదా? ఎందుకు జేస్తలేరు? అసలు సంగతేంది చెల్లె?"

"ఆ పిలగాడు ఆడపిల్లను చేసుకునేటోడు గాదు అన్న" అన్నాను. "కళ్యాణికి అన్యాయమైతది. ఇయ్యకుండ్రి."

అర్థమయ్యాక కప్పు కింద పెట్టాడు. "నా కడుపుల వెట్టుకుంట చెల్లె" అన్నాడు. నేను రాకేశ్‌కు చెప్పిన మాటే. బామ్మర్దికి ఒక్కనికే చెప్పాడట. ఎవరు వచ్చారో, ఎందుకు వచ్చారో నేను రోజూ పుస్తకంలో రాసుకుంటాను కదా. ఆ రోజు, "మ. 3.10, సమ్మయ్య అన్న, విచారణ" అని రాసుకున్నాను. పాలు, గ్యాసు, సమ్మయ్య అన్న. అన్నీ ఒకే తీరుగా.

పదిహేడో తారీకున మొగిలయ్య, అతని తమ్ముడు బెంగళూరు వచ్చి, అతని తల్లి అంజవ్వకు గుండెనొప్పి అని చెప్పి రాకేశ్‌ను తీసుకుపోయారని నీకు తెలుసు. ఆ తరువాత ఏమైందో నీకు పూర్తిగా తెలియదని నీ ఉత్తరం చూస్తే అర్థమైంది. గ్రూపు పేర్ల జాబితా నీ దగ్గరే ఉంది కాబట్టి నీ నుంచే బయటపడిందని కొందరు అంటున్నారని, మీ వైపువాడే కాబట్టి నువ్వే ఎక్కడో నోరు జారావని ఒకరు ముఖం మీదే అన్నారని, పదకొండు మంది రావడం మానేశారని రాశావు. ఇరవై ఎనిమిదిన అందరి ముందు తప్పు ఒప్పుకుని కన్వీనరు పని వదిలేస్తానన్నావు. ఏ తప్పు ఒప్పుకుంటావు? ఎట్లా జరిగిందో నీకే తెలియదు. తెలియని తప్పును నెత్తిన వేసుకుంటున్నావు. నువ్వు తప్పుకుంటే ఆ పని తీసుకునే వాళ్లు లేరని, గదికి తాళం పడుతుందని కూడా నువ్వే రాశావు.

ఆ ఉత్తరం చదివాక మూడు రోజులు ఆగాను. మొన్న గురువారం సిరిసిల్ల పోయాను. అంజవ్వకు బాగాలేదట, చూసి వస్తానని నాన్నతో చెప్పాను. అది అబద్ధం కాదు.

బెంగళూరు నుంచి వచ్చినప్పటి నుంచి అంజవ్వ, నేను ఫోన్లో మాట్లాడుకునే వాళ్లం. దసరాకు ముందు ఆమె ఫోన్ ఎత్తడం మానేసింది. ఇల్లు రెండు గదులు. గోడ అవతల సాంచాలు నడుస్తుంటాయి, ఆ మరమగ్గాల చప్పుడులో గట్టిగా మాట్లాడితే గానీ వినపడదు. ఆమె చేటలో ఆకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతూ ఉంది. నన్ను చూసి కూడా చెయ్యి ఆపలేదు. ఎడమ కన్ను కింద పాత దెబ్బ పసుపు రంగుకు తిరిగి ఉంది. రాకేశ్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లావెక్కాడు, ముఖం ఉబ్బింది. నన్ను గుర్తుపట్టాడు. లేవడానికి రెండుసార్లు చూసి మళ్లీ కూర్చున్నాడు.

"బాగైతడని కొండగట్టు గుడికి తోల్కపోయినం వదినె" అంది అంజవ్వ. "పదకొండు దినాలు గుడి చుట్టు తిరిగిండు. ఒక్క మాట అనలే. ఇగ ఎవలో చెప్తే ఒక డాక్టరు కాడికి వోయినం. పొద్దుగాల రెండు గోలీలు, రాత్రికి మూడు. తినుడు, పండుడు. సాంచాల మీద నిలవెడ్తే పోగు తెగినా ముడేస్తలేడు, అట్లనే చూస్తడు. గిన్నేండ్లు సదివిన చేతులేనా గివి?"

గోలీల పొట్లం కిటికీలో ఉంది. నీళ్లు తాగే సాకుతో పోయి పేర్లు రాసుకున్నాను. వేరే చీటీలో పెట్టాను, చూడు. మీ గ్రూపులో డాక్టరు చదివినవాళ్లు ఉన్నారు కదా, చూపించు. ఇట్లాంటి మందు ఇవ్వడం తప్పని, దాని మీద ఫిర్యాదు చేయవచ్చని నువ్వే ఒకసారి చెప్పావు.

నేను తిరిగి కూర్చోగానే అంజవ్వ అంది, "మేడిపల్లోల్లకు ఎవలు చెప్పిండ్రో వదినె. ఆళ్ల నోట్ల పురుగులు వడ. ఆళ్ల పిల్లలు గిట్లనే కూసుండ. నీకేమన్న ఎరికనా?"

రాకేశ్ నన్నే చూస్తున్నాడు. ఈ చుట్టుపక్కల అతను ఆ మాట చెప్పుకున్నది ఒక్కరికే. అతనికి తెలియదా? మందు ఎంత మింగినా తెలుస్తుంది.

"నాకెరికే అమ్మా" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది.

"ఎవలురా?"

"నేనే. ఆ పిల్ల నంబరు సంపాయించి నేనే చెప్పిన. నన్ను చేసుకోకుమని."

అంజవ్వ చేట ఎత్తి కొట్టింది. తంబాకు అంతా అతని తల మీద పడింది. ఇంకో రెండు దెబ్బలు కొట్టి, ఆ చేతులతోనే అతని కళ్లలో పడ్డ తంబాకు తుడిచి, నేల మీద కూర్చుని ఏడ్చింది. నేను చూస్తూ ఉన్నాను, సౌమ్యా. లేచి నిలబడి, నేనే చెప్పాను అనడానికి రెండు మాటలు చాలు. ఆ రెండు మాటలు రాలేదు. కింద పడ్డ ఆకులు ఏరి చేటలో పెట్టాను, పెద్దవి ఒక పక్క, చిన్నవి ఒక పక్క.

వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండేది.

"చిన్నమ్మా, సౌమ్యక్కకు చెప్పుండ్రి. నా పెట్టె పారెయ్యద్దని. ఫ్రీజరుల నాలుగో అర. అరవై రెండు మందివి."

అవి సిరిసిల్లలో బీడీలు చేసే ఆడవాళ్ల నోటి నుంచి తీసిన నమూనాలట. అంజవ్వే ఇల్లిల్లూ తిరిగి వాళ్లను ఒప్పించిందట, నోరు తెరవండి, దూది పుల్లే కదా, నా కొడుకు మన నోటి పుండ్ల మీదే చదువుతున్నాడు అని. ల్యాబులో తన పేరు తీసేస్తే నెలాఖరుకు పెట్టె కూడా తీసేస్తారని అతని భయం. నేను బస్సు టికెట్టు వెనక రాసుకుంటుంటే, "ఏడో అర" అన్నాడు. "ముందుగాల నాలుగు అన్నవు బిడ్డా" అన్నాను. పెదవులు కదిలాయి. "యాదికి అస్తలేదు చిన్నమ్మా" అన్నాడు. రెండూ రాసుకున్నాను. నాలుగు చూడు, అందులో లేకపోతే ఏడు చూడు. మూత మీద నీలం రంగు టేపు ఉంటుందని మాత్రం ఖాయంగా చెప్పాడు.

కళ్యాణి కోసమే చెప్పానని మూడు నెలలు నాకు నేను చెప్పుకున్నాను. ఒక ఆడపిల్ల బతుకు ఆగం కాకూడదని, విచారణకు వచ్చిన మనిషికి అబద్ధం చెప్పడం పాపమని. తిరుగు బస్సులో ఆ మాట మళ్లీ చెప్పుకోబోతే నేనే నమ్మలేకపోయాను. కళ్యాణిని కాపాడడానికి పిల్ల చిన్నది అంటే చాలు. సమ్మయ్య అన్న నా బిడ్డ గురించి అడిగాడు. అసలు సంగతేంది అన్నాడు. ఆయన చూపు నీ మీదికి మళ్లింది. దాన్ని మళ్లించడానికి చేతికి ఏది దొరికితే అది విసిరాను. దొరికింది రాకేశ్. పోస్ట్‌మన్‌కు ఒక అబద్ధం, మీ నాన్నకు ఒక అబద్ధం, పచ్చళ్ల కొలతలంత తేలిగ్గా చెప్పేదాన్ని. నీ ప్రాణం కోసం ఒక ఫారం మీద అబద్ధం రాసిన పిల్లవాని కోసం ఒక్కటి చెప్పలేకపోయాను. మొన్న అతను నా కోసం ఇంకొకటి చెప్పాడు, దెబ్బలు తిని.

ఇదీ నీ రెండో ప్రశ్నకు జవాబు.

ఇక చేయాల్సింది రాస్తాను. ఈ కవరులో ఇంకొక కాగితం విడిగా మడిచి పెట్టాను. అది ఇరవై ఎనిమిదిన అందరి ముందు చదువు. అందులో ఫారం సంగతి లేదు, నీ సొంత సంగతి లేదు. రాసింది ఇంతే:

"గ్రూపులోని పిల్లలందరికీ. రాకేశ్ సంగతి సౌమ్య నోటి నుంచి బయటికి పోలేదు, ఆమె జాబితా నుంచి పోలేదు. రాకేశ్ నన్ను నమ్మి చెప్పుకున్నాడు. ఆగస్టు పదకొండు మధ్యాహ్నం కోరుట్లలో మా ఇంట్లో నేను ఇంకొకరికి చెప్పాను. ఈ కాగితం చేరేదాకా సౌమ్యకు ఇది తెలియదు. మీ తలుపు మీది మాట నేను చదివిన తరువాతే ఈ పని చేశాను. తప్పు నాది. సంధ్యారాణి, సౌమ్య తల్లి."

నన్ను కాపాడాలని దాన్ని దాచకు. ఇప్పటికే ఒకరు నన్ను కాపాడి దెబ్బలు తిన్నారు. చదివాక పని వదలాలనిపిస్తే వదిలెయ్యి, కానీ నా తప్పు పేరు చెప్పి వదలకు. రాకేశ్‌ను ఆ ఇంట్లో నుంచి, ఆ మందు నుంచి తప్పించడానికి ఏదైనా దారి ఉంటే అది నీకు, ఆ గదిలోని పిల్లలకే తెలుసు. గదికి తాళం పడితే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

నేను ముప్పయ్యో తారీకు, ఆదివారం, మళ్లీ సిరిసిల్ల పోతాను. చెప్పింది నేనేనని అంజవ్వకు చెప్తాను. చేటతో కొడితే కొట్టనీ. ఆ పాపం మాత్రం ఆ పిల్లవాని మీద ఉండనివ్వను.

ఒక్క మాట మిగిలింది. ఎవరో చేతబడిగా పెట్టిన మందు వల్లనో, పట్నపు చదువు వల్లనో తన కొడుకు ఇట్లా అయ్యాడని, లోకంలో ఇట్లాంటి బిడ్డ తనకొక్కతికే పుట్టాడని అంజవ్వ అనుకుంటోంది. నా బిడ్డ కూడా ఇట్లాగే, నేను దాని చేతి తిండి తింటున్నాను అని పక్కన కూర్చుని చెప్తే, రాత్రి మూడు గోలీలు ఇచ్చే చెయ్యి కొంచెం ఆగుతుందేమో. ఆమె ఇంకెవరి మాటా వినదు. కానీ అది నీ సంగతి. నా నోట రాకూడదు. అక్కడ ఆ మాట అంటే వారంలో మొగిలయ్యకు, మేడిపల్లికి, కోరుట్ల డిపోకు, మీ నాన్నకు చేరుతుంది. అవన్నీ లెక్క వేసుకునే అడుగుతున్నాను. నువ్వు చెప్పమంటేనే చెప్తాను. వద్దంటే, అంజవ్వ నా కాళ్లు పట్టుకుని అడిగినా చెప్పను.

నా చిరునామా రాసిన కార్డు ఒకటి కవరులో ఉంది. అవును అని గానీ, వద్దు అని గానీ ఒక్క మాట రాయి. పరశురాములు చదువుతాడు కాబట్టి ఇంకేమీ రాయకు. ఏమీ రాయాలనిపించకపోతే ఖాళీ కార్డే డబ్బాలో వెయ్యి. అప్పుడు నా తప్పు మాత్రమే చెప్పి వస్తాను. కార్డు మీద బెంగళూరు ముద్ర ఉంటుంది కదా, నువ్వు లేచి పోస్టు డబ్బా దాకా నడిచావని తెలుసుకుంటాను.

ఇట్లు,
క్షేమమని రాసుకోలేని
నీ అమ్మ,
సంధ్యారాణి.